వంశధార తీరమున సైకిలు చదువు

చరిత్ర బోధన పాఠశాలలలో నీరసించినదని ఫిర్యాదు చేయనివారు లేరు. విద్యార్థి రాజుల పేరులు వల్లించును, యుద్ధముల సంవత్సరములు వల్లించును, పరీక్ష ముగిసిన మరునాడు రెండింటిని మరచును. తప్పు పిల్లవానిదా, పాఠ్యగ్రంథముదా, ఉపాధ్యాయునిదా యను వాదము ఏండ్ల తరబడి సాగుచునే యున్నది. కాని పాఠములో చెప్పబడిన చోటు బడికి ఎంత దూరమున నున్నది, అచ్చటికి పోవు దారి యెట్టిది, ఆ దారిలో ఏ యూళ్లు తగులును అని విచారించువారు అరుదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉన్నత పాఠశాల విద్యార్థి కళింగ రాజ్యమును గూర్చి చదువును. ఆ రాజుల నగరమని పండితులు నిర్ణయించిన యూరు తన యింటికి ఒక పూట సైకిలు ప్రయాణములో నున్నదని అతడెరుగడు. ఎరిగి పోయినను, బస్సులో కునుకుచు పోయి, గుడి వాకిట దిగి, దర్శనము చేసికొని, ఫోనుతో నాలుగు బొమ్మలు తీసికొని, మరల బస్సెక్కును. గుడిని చూచితినని సంతోషించును గాని గుడి చుట్టు నున్న దేశమును చూడనేలేదని గుర్తింపడు.

ఈ లోటు తీర్చుటకు చౌకైన సాధన మొకటి పల్లెపల్లెలో గోడకు చేరగిలబడి యున్నది. అది సైకిలు. రద్దీ లేని పల్లెబాటల వెంట, కొండల యంచున, పాత యూళ్ల మీదుగా ఉపాధ్యాయుడును విద్యార్థులును సైకిళ్లపై సాగిపోవుట వట్టి వినోదయాత్ర యని పలువురకు తోచవచ్చును. అది చదువులో భాగమే యనియు, అట్టి చదువునకు పాఠశాలలు ఏటా కొన్ని దినములు కేటాయింపవలె ననియు వాదించుటకు తగిన కారణములు కలవు.

సైకిలు అను మాట విన్నంతనే పెదవి విరుచువారుందురు. మోటారు వాహనము కొనలేనివాడే సైకిలెక్కునని వారి యభిప్రాయము. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమందలి గృహములలో నూటికి 44.8 గృహములకు సైకిలు కలదు. పాలు పోయువాడు, తాపీ పనివాడు, చేపలు మోయువాడు, ఎరువు సంచి వేసికొని పొలమునకు పోవు రైతు, అందరును దానినే నమ్ముకొని యుండిరి. ఇంత పని చేసిన వాహనమునకు గౌరవము మాత్రము దక్కలేదు. కొడుకు కాలేజీకి సైకిలుపై పోవుట చిన్నతనమని తలంచు తండ్రులు నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను కానవత్తురు. సైకిలు చరిత్రను కొంచెము తిరగవేసి చూచినచో ఈ చిన్నచూపునకు ఆధారము లేదని తేలును.

జాన్ కెంప్ స్టార్లీ 1885లో రెండు దాదాపు సమానమైన చక్రములతో, వెనుక చక్రమును చైనుతో నడుపు సైకిలును ఇంగ్లండులో తయారుచేసెను. డన్లప్ 1888లో గాలి నింపిన టైరును ప్రవేశపెట్టెను. ఈ రెండును కలియగానే సామాన్యుడు తన కాలి బలముతో, గుఱ్ఱపు ఖర్చు లేక, రైలుపట్టా పోని యూళ్లకు పోవుట సాధ్యమైనది. ఆ వసతిని చదువునకు వాడుకొన్నవారిలో ఆక్స్ఫర్డు చరిత్ర విద్యార్థి టి. ఇ. లారెన్సు ఒకడు. తరువాతి కాలమున అరబ్బుల యుద్ధము వలన అతనికి పెద్ద పేరు వచ్చెను గాని, ఉపాధ్యాయులు తెలిసికొనదగినది అతని విద్యార్థి జీవితము. 1906, 1907 సంవత్సరముల సెలవులలో అతడు సైకిలుపై ఫ్రాన్సు దేశపు కోటలు చూచెను. 1908 వేసవిలో మరల బయలుదేరి రెండువేల మైళ్లకు మించి తొక్కి, మధ్యధరా సముద్రతీరము వరకు పోయి, త్రోవలోని కోటలకు బొమ్మలు తీసికొని, ప్లానులు గీసికొని వచ్చెను. ఆ మరుసటి యేడు సిరియాలో కాలినడకన తిరిగి క్రూసేడు యోధుల కోటలు చూచెను.

అతడు తేల్చదలచిన ప్రశ్న చిన్నది కాదు. ఐరోపావారు గట్టి కోటలు కట్టుట తూర్పు దేశములలో నేర్చిరా, లేక తమ విద్యనే అచ్చటికి కొనిపోయిరా? తూర్పున నేర్చిరని నాటి పెద్దల మాట. యువకుడైన లారెన్సు రెండు ప్రాంతముల కోటలు కన్నులార చూచినవాడు గనుక ఆ మాట కెదురు చెప్పుచు వ్యాసము వ్రాసి, 1910లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. ఆ వ్యాసము అతని మరణానంతరము 1936లో గ్రంథముగ వెలువడినది. తరువాతి పండితులు అతని నిర్ణయమును కొంత సరిదిద్దిరి. అందువలన వచ్చిన లోపమేమియు లేదు. యువకుడైన విద్యార్థి పెద్దల మాటను పరీక్షించుటకు పూనుకొన్నాడు. ఆ ధైర్యము అతనికి కోట గోడల యొద్ద కలిగినది. గ్రంథాలయములో కూర్చున్నవాడు ఒకరు వ్రాసినదానిని మరొకరు వ్రాసినదానితో పోల్చును. గోడ దగ్గర నిలిచినవాడు వ్రాతను వస్తువుతో పోల్చి చూడగలడు.

కొండదారి యనగానే భయపడువారికి మరియొక ఫ్రెంచి ఉదాహరణము చెప్పవచ్చును. సెంత్ ఎత్యెన్ పట్టణపు పోల్ ద వివీ యనునాయన (1853–1930) వెలోసియో అను మారుపేరుతో ప్రసిద్ధుడు. 1887లో సైకిలు పత్రిక నొకదానిని స్థాపించి, పందెముల కొరకు గాక దేశమును చూచుటకు సైకిలు తొక్కుడని జీవితాంతము బోధించెను. కొండలెక్కుటకు సులువైన గేర్లు కావలెనని ఆయన పట్టుపట్టెను. గేరు మార్చుట బలహీనుల పని యని పందెగాండ్రు వెక్కిరించిరి. టూర్ ద ఫ్రాన్స్ పందెములో గేరుమార్పు యంత్రమునకు 1937 వరకు అనుమతియే లేదు. నేడు ఆ యంత్రము లేని పందెపు సైకిలు ఆ దారులలో కానరాదు. కొండ నెక్కుటకు ఉపాయము వెదకుకొనుట సిగ్గుపడవలసిన పని కాదని ఆ వృద్ధుడు నిరూపించెను. గేరు లేని మామూలు సైకిలు గలవాడు మిట్ట దగ్గర దిగి నడిపించుకొని పోవచ్చును. నడచిన ఆ రెండు ఫర్లాంగులలోనే అతడు దారిపక్కనున్న రాతిని చూచును.

ఫ్రాన్సు దేశపు కోటల ముచ్చట తెలుగు విద్యార్థికి దూరమని యెవరైన అనవచ్చును. వారు గిడుగు రామమూర్తి గారి జీవితమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినముగ జరుపుకొందురు. వాడుకభాష కొరకు ఆయన చేసిన పోరాటమును ప్రతి బడిలోను స్మరింతురు. కాని ఆయన పాఠశాలలో చరిత్ర చెప్పిన ఉపాధ్యాయుడనియు, చరిత్రను ఊళ్ల వెంట తిరిగి నేర్చినవాడనియు చెప్పువారు తక్కువ. 1863లో శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ చేరెను. శాసనలిపిని చదువుట ఎవరి సాయము లేకనే నేర్చుకొనెను. వంశధార యొడ్డున ముఖలింగము గుళ్లలోని శాసనములు పరిశీలించి, తూర్పుగాంగుల కళింగనగరము ఆ యూరే యని ప్రతిపాదించెను. సాలిహుండము కొండపై బౌద్ధ శిథిలములు కలవని 1919లో లోకమునకు తెలిపినవాడును ఆయనయే. సవరల భాష నేర్చి, ఆ భాషలో వారికి చదువు చెప్పించి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చెను. కొండలలో తిరుగుట వలన మలేరియా పట్టి, క్వినైను వాడి, వినికిడి కోల్పోయెను.

ఆయన తిరుగనారంభించిన నాటికి ఆ దారులలో బస్సు లేదు. నేడు ఆ యూళ్లన్నిటికి తారు రోడ్డు కలదు, సైకిలు కలదు, బడి కలదు. ఒక బడిపంతులు బస్సు లేని కాలమున చేసిన పనిలో నూరవ వంతైనను, ఇన్ని వసతులు గల కాలమున ఏటా ఒక్క తరగతి చేయలేదా యను ప్రశ్న ఉపాధ్యాయలోకము ముందు నిలిచియున్నది.

వంశధార లోయనే తీసికొని విచారింతురు గాక. శ్రీకాకుళము నుండి అరసవల్లి సూర్యదేవాలయము మీదుగా శ్రీకూర్మము పోవు దారి చదునైనది. చలికాలపు ఉదయమున పదునాలుగేండ్ల బాలుడు శ్రమ లేక తొక్కగలడు. శ్రీకూర్మములో కూర్మావతారమునకు గుడి కలదు. దాని స్తంభములపై వందకు మించిన శాసనములు కలవు. ఏ రాజు ఏ దానము చేసెనో, అఖండదీపమునకు ఎన్ని గొఱ్ఱెల నిచ్చిరో, ఏ పొలమును ఎవరి పేర వ్రాసిరో ఇట్టి రాళ్లపై లిఖించుట నాటి వాడుక. విద్యార్థి అక్షరములన్నిటిని చదువలేకపోవచ్చును. తన తెలుగు ‘క’కారమునకు పూర్వరూపమును ఒకచోట గుర్తుపట్టినను చాలును; భాషకు వయస్సు కలదని అతనికి ఆ రాయి చెప్పును.

అచ్చటినుండి గార మీదుగా సాగినచో సాలిహుండము కొండ కనబడును. శ్రీకాకుళమునకు సుమారు 18 కిలోమీటర్ల దూరమున, వంశధార దక్షిణపు టొడ్డున నున్నది. చదునునేలపై అలవాటుగ తొక్కుచు వచ్చినవానికి ఇచ్చట ఒక్కసారిగ తొడలు బరువెక్కును. సైకిలు క్రింద నిలిపి పైకెక్కిన పిమ్మట గుండ్రని ఇటుక పునాదుల స్తూపములు, చైత్యములు, భిక్షువుల విహారపు గోడలు వరుసగ కానవచ్చును. తారాదేవి, మారీచి మున్నగు మూర్తులు ఇచ్చట దొరకినవి. క్రీస్తు పూర్వపు శతాబ్దముల నుండి వందలయేండ్లు ఇచ్చట బౌద్ధము వర్ధిల్లెనని, తొలుత హీనయానము, పిదప మహాయానము, కడపట వజ్రయానము నిలిచెనని పండితులు చెప్పుదురు.

పాఠ్యపుస్తకములో ఈ సంగతి రెండు వాక్యములలో ముగియును. కొండపై నిలిచిన విద్యార్థికి ఆ రెండు వాక్యముల వెనుకనున్న ప్రశ్నలు తోచును. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎన్నుకొనిరి? క్రిందికి చూడగానే సమాధానములో సగము దొరకును. ఒకవైపు వరిపొలములు, ఒకవైపు నది, ఆవల సముద్రము. పొలమున్నచోట భిక్ష దొరకును. నది యున్నచోట పడవ నడచును. నది సముద్రమున కలియుచోట కళింగపట్నము రేవు. ఓడవర్తకులు దానములు చేయగలవారు, దూరదేశములకు పోవు భిక్షువులకు ఓడలో చోటీయగలవారు. వరదనీరు కొండపైకి రాదు. ఊరి సందడి వినబడదు గాని ఊరు మరీ దూరమును కాదు. భూగోళము, వర్తకము, మతము, వ్యవసాయము అను నాలుగు పాఠములు అచ్చట ఒక్క పాఠమై నిలుచును. బస్సులో వచ్చినవాడును ఈ దృశ్యము చూడవచ్చును. కాని నేల యెక్కడ చదునో, ఎక్కడ లేచినదో, ఇసుక ఎక్కడ మొదలైనదో అతని కాళ్లకు తెలియదు. ఆ తెలివి లేక ప్రశ్న పుట్టుట కష్టము.

ముఖలింగము దారి ఇంకను పొడవు. శ్రీకాకుళము నుండి 45 కిలోమీటర్లకు పైబడి యుండును. చిన్నతరగతులవారికి తగదు గాని, నరసన్నపేట, జలుమూరు ప్రాంతముల బడులవారికి అది పొరుగూరే. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు మూడును ఆ పల్లెలో కలవు. ఒకప్పుడు కళింగాధీశుల రాజధాని. చోడగంగదేవుని కాలమున, 12వ శతాబ్దమున, ఏలుబడి కేంద్రము కటకమునకు తరలెను. పూరీ జగన్నాథాలయ నిర్మాణము కారంభించినవాడు ఆ చోడగంగుడే. రాజధాని తరలిపోగా మిగిలిన యూరు ఎట్లుండునో పుస్తకము చెప్పదు. దానిని ముఖలింగము వీథులలో సైకిలు నడిపించుకొని పోవుచు చూడవలెను. గొప్ప శిల్పము గల గోడకు ఆవల సామాన్యపు ఇండ్లు, ధాన్యపు బస్తాలు, అరుగుపై ముచ్చటలాడు వృద్ధులు. మధుకమనగా ఇప్పచెట్టు. ఇప్పచెట్టులో శివుడు వెలసెనని, ఆ చెట్టు సవరలదని స్థలకథ చెప్పుదురు. కొండజాతివారి చెట్టు, రాజుల దేవుడు, రైతుల యూరు ఒకే కథలో కలిసియుండుట విద్యార్థి గమనింపవలసిన విషయము. రామమూర్తిగారు శాసనములను సవరల భాషను రెండింటిని ఏల చదివిరో అట్టిచోట కొంత బోధపడును.

లోయలో గుళ్లే గాక పనితనము గల యూళ్లును కలవు. బుడితిలో ఇత్తడి పాత్రలు చేయువారి చేతిపని దేశమంతట పేరొందినది. పొందూరులో నేటికిని సన్నని ఖద్దరు నేయుదురు. ప్రత్తి నారను శుభ్రపరచుటకు వాలుగ చేప దవడ యెముకను వాడుట ఆ యూరి ప్రత్యేకత. సరుబుజ్జిలి వైపు దంతవరపుకోట కలదు; ప్రాచీన కళింగ రాజధానియైన దంతపురము అదియే యని కొందరు చరిత్రకారుల మతము. ఒక్కొక్క యూరు ఒక్కొక్క ఆదివారపు పని. సంవత్సరమున నాలుగు ఆదివారములు చాలును. ఎనిమిదవ తరగతి నుండి పదవ తరగతి వరకు మూడేండ్లలో పండ్రెండు యూళ్లు చూచిన విద్యార్థి తన జిల్లాను తన పెరడువలె ఎరుగును.

శ్రీకాకుళము ఒక ఉదాహరణము మాత్రమే. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి చుట్టును చెరువులు, గుట్టలు, పాత గ్రామములు కలవు. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దొరకినది. అనకాపల్లి దగ్గర శంకరములో బొజ్జన్నకొండ కలదు. గుంటూరు సీమలో రెడ్డిరాజుల కొండవీడు కలదు. కొండపల్లిలో కోటయు కలదు, పొణికికఱ్ఱతో బొమ్మలు చేయువారును కలరు. తెలుగునాట చరిత్ర లేని తాలూకా లేదు. సైకిలు దూరమున ఒక్క పాత రాయి యైనను లేని బడి కనుగొనుట కష్టమే.

సైకిలు వేగము ఈ పనికి సరిగ సరిపోవును. కాలినడకన గంటకు ఐదు కిలోమీటర్లు మించవు. బడిపిల్లలు సాయంకాలమునకు ఇల్లు చేరవలెను గనుక నడకతో దూరపు టూళ్లు అందవు. మోటారుబండి గంటకు యాబది పోవును; ఆ వేగమున ఊరిపేరు చదువుట కూడ కష్టము. గంటకు పది పండ్రెండు కిలోమీటర్లు పోవు సైకిలు నుండి ఊరిపేరు చదువవచ్చును, పొలములోని పంట పేరు చెప్పవచ్చును, అరుగుమీది ముసలివానిని పలుకరింపవచ్చును. ‘తాతా, ఈ చెరువు ఎవరు త్రవ్వించినారు?’ అని బాలుడడిగినచో, దిగి నీళ్లు త్రాగి పొమ్మని ఆయన పిలుచును. ఆయన చెప్పు కథలో నిజమెంత, కల్పనయెంత యని మరునాడు తరగతిలో విచారించుటయే చరిత్రపాఠము. ఇంజను మ్రోత లేని వాహనమునకే ఊరు నోరు విప్పును.

ఇక ఆక్షేపణలు. మొదటిది ప్రమాదము. ఈ భయము నిరాధారము కాదు. తల్లిదండ్రుల ఆందోళనను తేలికగ త్రోసివేయుట తప్పు. జాతీయ రహదారిపై పిల్లలను సైకిళ్లపై నడిపించుట క్షమింపరాని పని. కాని ప్రతి ప్రాంతమునను రహదారికి దూరముగ పొలముల మధ్య, చెరువు గట్లవెంట సాగు చిన్నదారులు కలవు. ఉపాధ్యాయుడు ముందుగ ఒకసారి ఒంటరిగ ఆ దారిని తొక్కి చూచి, రహదారిని దాటవలసిన చోటులు గుర్తించి, అచ్చట అందరును దిగి నడచునట్లు కట్టడి చేయవలెను. ముందొక ఉపాధ్యాయుడు, వెనుక మరియొకడు, నడుమ ఇరువదిమందికి మించని బాలబాలికలు, ఒకరి వెనుక ఒకరు. పంపు, పంక్చరు సామాను, స్పానరు, మంచినీరు, గాయములకు మందు తప్పనిసరి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నెలలు అనుకూలము. తక్కిన కాలమున ఎండయో వానయో ఆటంకపరచును. ఇంత జాగ్రత్త తీసికొనుటకు సిద్ధపడని ఉపాధ్యాయుడు పిల్లలను బయలుదేరదీయకుండుటయే మేలు.

రెండవ ఆక్షేపణ ఆడపిల్లలను గూర్చినది. వారిని సైకిలుపై పొరుగూళ్లకు పంపరాదని చెప్పు పెద్దలు నేటికిని కలరు. వారికి దేశానుభవమే సమాధానము చెప్పినది. తమిళనాటి పుదుక్కోట జిల్లాలో 1990వ దశకపు తొలిసంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు గ్రామీణ స్త్రీలు వేలకొలదిగ సైకిలు నేర్చిరి. చదువుకొనుటయు, స్వేచ్ఛగ పోయివచ్చుటయు ఒకదానికొకటి తోడని ఆ ఉద్యమము చాటినది. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు కొనుటకు సొమ్మిచ్చు పథకము నారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు దానిని పరిశోధించి 2017లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆ పథకము వలన తగిన వయస్సున ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతున పెరిగెను. బాలురకు బాలికలకు నడుమ నున్న అంతరము నూటికి 40 వంతున తగ్గెను. బడికి పోవుటకు సైకిలు పనికివచ్చినప్పుడు బడి చెప్పు చరిత్రను చూచుటకు పనికిరాదా? తెలుగునాటను బాలికలకు సైకిళ్లు పంచిన సందర్భములు కలవు. ఆ సైకిలు ఇంటికి బడికి నడుమనే తిరిగి తుప్పుపట్టుట విచారకరము. ఉపాధ్యాయినులు ముందునడచినచో తల్లుల భయము సగము తీరును.

మూడవది పాఠ్యప్రణాళిక ముగియదను మాట. ఏటా నాలుగు ఆదివారములు పోయినంతమాత్రమున ముగియని ప్రణాళిక, పోకున్నను ముగియదు. పరీక్షలో వచ్చు మార్కులే కొలమానమైనచో ఈ చదువునకు విలువ కట్టుట కష్టమని ఒప్పుకొనవలసినదే. సాలిహుండము చూచినవానికి చరిత్రలో రెండు మార్కులు హెచ్చునని హామీ ఎవరును ఈయలేరు. అయినను చదువు ఉద్దేశము మార్కులతో ముగియునని నమ్ము ఉపాధ్యాయుడు అరుదుగ నుండును. నమ్మినట్లు నటింపవలసి వచ్చుటయే వారి కష్టము. ఆ కష్టమునుండి నాలుగు దినములైనను వారికి విముక్తి కలుగుట మంచిదే.

ఇంతకంటె బరువైన ఆక్షేపణ యొకటి కలదు. పిల్లలు సైకిళ్లపై పోదగిన నిశ్శబ్దపు దారులు ఇంకెంతకాలము మిగులును? రోడ్లు వెడల్పు చేయుట నాడు నేడు అభివృద్ధికి గుర్తు. ఆసుపత్రికి త్వరగ చేరవలసిన రోగికి, పంటను సంతకు చేర్చవలసిన రైతుకు మంచిరోడ్డు కావలెను. దానిని కాదనుట అన్యాయము. కాని ప్రతి దారియు రహదారి కానక్కరలేదు. చేవెళ్ల మార్గమున వందలకొలది పాత మఱ్ఱిచెట్లను రోడ్డు వెడల్పునుండి కాపాడుటకు ప్రకృతిప్రియులు ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. చెట్లు కొట్టిన పిమ్మట చింతించుటకంటె, ఏ దారిని పెంచవలెను, ఏ దారిని ఉన్నట్లే యుంచవలెను అను విచారణ ముందుగ జరుగుట మేలు. పాత యూళ్ల నడుమ నున్న నీడగల చిన్నదారులను అట్లే కాపాడుటకు గ్రామపంచాయతీలు పూనుకొనవచ్చును. ఆ దారులపై బడిపిల్లలు సైకిళ్లతో ఏటేట తిరుగుచున్నచో వాటిని కాపాడవలెనను మాటకు బలము చేకూరును. ఎవరును నడువని దారి తరఫున వాదించువారుండరు.

శిథిలములకును ఇదే న్యాయము వర్తించును. కొండలు కంకరగా మారుచున్న కాలమిది. రక్షణ లేని గుట్టమీది శాసనమో, పొలము గట్టున నిలిపిన వీరగల్లో ఒకనాడు మాయమైనచో ఊరిలో అడుగువాడుండడు. అది యేమో తెలిసినవాడు లేకుండుటయే కారణము. ఏటా ఒక తరగతి వచ్చి, ఆ రాతి బొమ్మ గీసికొని, కొలతలు వ్రాసికొని, బడి పుస్తకములో భద్రపరచినచో ఊరివారికి దాని విలువ తెలియును. రాయి కదలినచో అడుగుటకు ఇరువదిమంది సాక్షులుందురు. పురావస్తు శాఖ ప్రతి గుట్టకు కావలివాని నుంచలేదు. పాఠశాల మాత్రము ప్రతి మండలములోను కలదు.

ఈ పనికి మర్యాద కూడ అవసరము. గోడలపై పేరులు చెక్కుట, శాసనములపై సుద్ద పూయుట, దొరకిన పెంకును జేబులో వేసికొనుట విద్యార్థులు చేయరాని పనులు. తిన్న విస్తరాకు, త్రాగిన సీసా వెనుకకు కొనిపోవలెను. గుడిలో పూజ జరుగుచుండగా వేచియుండవలెను. కంచరివాని కొలిమి దగ్గర, నేతవాని మగ్గము దగ్గర పనికి అడ్డురాక నిలిచి, ‘బాబూ’, ‘అమ్మా’ అని గౌరవముతో అడిగి తెలిసికొనవలెను. చూడవచ్చినవారు ఊరికి అతిథులు. ఊరు వారికి ప్రదర్శనశాల కాదు. ఈ మర్యాద నేర్చుటయు చరిత్రజ్ఞానములో చేరును.

ప్రభుత్వపు ఉత్తర్వు కొరకు, నిధుల కొరకు ఎదురుచూచుచు కూర్చుండవలసిన పని యిది కాదు. బడిలోని చరిత్రోపాధ్యాయుడును వ్యాయామోపాధ్యాయుడును కలిసి జిల్లా పటమును బల్లపై పరచి, బడి చుట్టు పదిహేను కిలోమీటర్ల వలయము గీసినచో మొదటిమెట్టు ముగియును. ఆ వలయములో ఏ గుట్ట, ఏ గుడి, ఏ మసీదు, ఏ చెరువు, ఏ చేతిపని గలదో విద్యార్థులచేత ఇంటిపెద్దల నడిగించి వ్రాయించుట రెండవమెట్టు. సైకిలు లేని పిల్లవానికి ఉన్నవాడు క్యారియరుపై చోటిచ్చుటయో, ఊరిలో ఒకరివద్ద ఎరువు తెచ్చి యిచ్చుటయో తరగతిలోనే ఏర్పాటు కావలెను. సైకిలు లేదని ఒక్కడైనను ఇంట నిలిచిపోయినచో ఆ యాత్ర సగమే జరిగినట్లు. బ్రేకులు బిగించి, టైర్లలో గాలి చూచి, తల్లిదండ్రుల అనుమతి పత్రములు తీసికొని, రాబోవు చలికాలపు తొలి ఆదివారమున తెల్లవారుచుండగా బయలుదేరుటకు ఇంతకుమించి కావలసినదేమియు లేదు. తిరిగివచ్చిన సోమవారము నాడు ఉపాధ్యాయుడు పాఠము మొదలుపెట్టుటకు ముందే విద్యార్థులు ప్రశ్నలతో చేతులెత్తినచో, పోయిన ఆదివారము వ్యర్థము కాలేదని అతనికి వేరొకరు చెప్పవలసిన పనియుండదు.